అయిదో చుక్క

అమలాపురంలో ఓ ప్రైవేటు ఆసుపత్రి, రెండో అంతస్తు, నెలాఖరు రోజు, సాయంత్రం నాలుగున్నర. కాట్రేనికోన బంగారయ్యకి హెర్నియా ఆపరేషనూ అయిపోయింది, డిశ్చార్జి కాగితాలూ వచ్చేసేయి. ఆయనతో ఇంక ఎవరికీ పని లేదు గానీ, ఆయన పెళ్ళాం బంగారమ్మ చేతిలో ఫోనుతో మాత్రం నర్సు షైనీకి కొంపలు మునిగిపోయేంత పనిపడింది.

"ఒక్క నిమిషం పనేనండి మామ్మగారూ. ఫోను ఇలా ఇస్తే నేనే నొక్కేస్తాను."

"నా ఫోను నువ్వు నొక్కుతావా? ఏం నొక్కుతావమ్మా?"

"అయిదు చుక్కలుంటాయండి. అయిదూ నొక్కడమే. ఆసుపత్రి చాలా బాగుందని."

"బాగుందని ఎవరన్నారు?"

"మీరేనండి."

"నేనెప్పుడన్నాను?"

"ఇప్పుడంటారండి."

"భలేదానివే! మొన్న రాత్రి బెల్లు నొక్కీ నొక్కీ నా వేలు అరిగిపోయింది. ఒక్కళ్ళూ తొంగి చూడలేదు. ఇవాళ చూడు, పిలవకుండానే వచ్చి మంచం పక్కన నిలబడ్డావు. అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు. బాగుందమ్మా మీ వరస."

"ఆయ్. కాళ్ళేనండి మామ్మగారూ, పట్టుకోమన్నా పట్టుకుంటాను. సాయంత్రం అయిదింటికి లెక్క కట్టేస్తారు. ఒక్కటంటే ఒక్కటే తక్కువైందండి."

"ఏం లెక్క అది?"

"మా టీము లక్ష్యమండి. మా మేనేజరు నాగేంద్రబాబు గారు రాజమండ్రిలో ఏదో హోటల్లో ట్రైనింగుకి వెళ్ళొచ్చేరు. టీమన్నాక లక్ష్యం ఉండాలి, లక్ష్యమన్నాక కొలవడానికి వీలుగా ఉండాలి అని నేర్చుకొచ్చేరండి. వచ్చిన మర్నాడే మా నర్సులందరినీ కూర్చోబెట్టి, మీ లక్ష్యం మీరే పెట్టుకోండి, నేను అడ్డు రానన్నారు."

"మంచివాడే. మీరేం పెట్టుకున్నారు?"

"బెల్లు మోగిన వెంటనే పేషెంటు దగ్గరికి వెళ్ళాలని పెట్టుకున్నామండి."

"బంగారంలాంటి మాట. మరేమైంది?"

"అది కొలవడం కుదరదన్నారండి. బెల్లెప్పుడు మోగిందో, మనిషెప్పుడు వెళ్ళిందో ఎవరు రాస్తారు, దానికో మనిషిని పెడితే జీతం ఎవరిస్తారు అన్నారు. చుక్కలైతే ఫోనే లెక్కెట్టేస్తుంది కదండీ. పైసా ఖర్చు లేదు."

"అంటే, వెళ్ళక్కర్లేదు, వెళ్ళేరని జనం చేత అనిపించుకుంటే చాలన్నమాట."

"మరీ అంత తిన్నగా చెప్పలేదండి. ఇంగ్లీషులో చెప్పేరు."

"అనిపించుకుంటే మీకేం ఒరుగుతుంది? కిరీటం పెడతాడా?"

"మనిషినిస్తారండి. ఈ నెలలో అయిదేసి చుక్కలవి వంద తెస్తే రాత్రి డ్యూటీకి ఇంకో నర్సుని తీసుకుంటానన్నారు. రాత్రుళ్ళకి మేం ముగ్గురమేనండి, ఒకళ్ళకి సెలవొస్తే ఇద్దరమే. రెండంతస్తులు, ఆ మెట్లెక్కడం, దిగడం. నేనంటే ఎలాగో పడతాను. మా శాంతికి ఏడో నెలండి. నాలుగో మనిషొస్తే దానికి రాత్రుళ్ళు తప్పుతాయి. నా ఆరాటమంతా దాని గురించేనండి."

"లిఫ్టుంది కదా?"

"ఉందండి. దాన్ని తిరిగేలా చెయ్యడం ఇంకా లక్ష్యాల్లోకి రాలేదండి."

"నీ బాధ బాధే గానీ, పిల్లా, ఓ మాటడుగుతాను. మా పక్కింటి బ్లెస్సీ ఫోన్లో చూసి, పిన్నీ, దీనికి చాలా చుక్కలున్నాయి, కళ్ళు మూసుకుని బాబాయిని ఇక్కడికే తీసుకెళ్ళు అంది. కళ్ళు మూసుకునే వచ్చేం. ఆ తొంభైతొమ్మిదీ ఎవరు నొక్కేరే?"

"పేషెంట్లేనండి."

"అందరూనా?"

"చాలామటుకండి."

"మిగతావాళ్ళో?"

"మా చర్చిలో శుక్రవారం ఆడవాళ్ళ ప్రార్థన కూటముంటుందండి. ప్రార్థనయ్యాక టీ తాగుతుంటే, ఊరికే, అందరి ఫోన్లూ ఓసారి..."

"వాళ్ళకి ఇక్కడ ఏం ఆపరేషన్లయ్యేయి?"

"ఏవీ అవలేదండి. అందుకే అంత సంతోషంగా ఇచ్చేరు."

"హవ్వ! ప్రార్థన చేసి లేచి మరీనా?"

"నేను మొదటే ఒప్పుకున్నానండి, ఇది పాపమేనని. మా పుష్పలతక్క అయితే కళ్ళు మూసుకుని నొక్కింది, చూడకపోతే పాపం తక్కువని. మీరు కూడా అలా మూసుకున్నా పరవాలేదండి."

"ఇదిగో, నేను ఎండుచేపలు అమ్ముకునేదాన్ని. ఉత్తినే ఎవరికీ ఏదీ ఇవ్వను. ఒక్కో చుక్కకీ ఒక్కో పని చేసి పెట్టు, చూస్తాను."

"చెప్పండి, చెప్పండి. ఏం కావాలండి?"

"చక్రాల కుర్చీ. పొద్దున్న అడిగితే, వస్తోంది, వస్తోంది అన్నారు. జొన్నాడ మీదుగా చుట్టు తిరిగి వస్తోందా?"

"కింద ఉందండి. ఒక చక్రం కొంచెం మొండికేస్తుంది గానీ, నేనే దగ్గరుండి తోస్తాను, ఆటో దాకా."

"తోస్తావు కదా, సరే. ఈ మాత్రలు ఏదెప్పుడు వెయ్యాలో మళ్ళీ చెప్పు. ఇందాక నువ్వు చెప్పినప్పుడు ఎక్స్‌ప్రెస్ బస్సు మా స్టాపులో ఆగకుండా పోయినట్టు పోయింది."

"తెల్లది పొద్దున్న టిఫినయ్యాకండి. గులాబీ రంగుది రెండు పూటలా. పొడుగ్గా ఉన్నది నొప్పుంటేనే. నొప్పి లేకపోతే వద్దు."

"ఇప్పుడర్థమైంది. చూసేవా, నిలబడి చెప్తే ఎంతసేపు పట్టిందీ? ఇంక అసలు పని. మా ఆయన చేత చుట్ట మాన్పించు. నేను చెప్తే గోడకి చెప్పినట్టే."

"తాతగారూ! చుట్ట కాలిస్తే దగ్గొస్తుందండి. దగ్గితే కుట్లు పిగిలిపోతాయి. మానెయ్యాలి మీరు."

"ఊఁ."

"ఊఁ అన్నారండి మామ్మగారూ."

"ఆ ఊఁ నా పెళ్ళైన కాణ్ణుంచీ వింటున్నాను. అది మానే ఊఁ కాదు."

"తాతగారూ, కుట్లు పిగిలితే మళ్ళీ ఈ మంచమ్మీదకే రావాలండి. ఈ మంచం, ఈ ఫ్యాను, ఈ బెల్లు."

"అమ్మో! మానేస్తానమ్మా! ఇవాళ్టినుంచే మానేస్తాను!"

"అదీ మందంటే! దానికి రెండిచ్చెయ్యొచ్చు. నాలుగయ్యేయి, నొక్కుకో."

"నాలుగు పనికిరాదండి. అయిదుంటేనే లెక్క. నాలుగిచ్చినవాళ్ళని మా సారు తిట్టినవాళ్ళలో కలిపేస్తారు."

"అయితే అయిదోదానికి ధర ఎక్కువ. నిజం చెప్పాలి. మొన్న రాత్రి ఈయన నొప్పితో గిలగిల్లాడిపోతుంటే, అంత బెల్లు కొట్టేను, ఎందుకు రాలేదు? డ్యూటీ నీదే కదా?"

"అది... ఆ బెల్లు బ్యాటరీ అప్పుడప్పుడూ..."

"మోగింది. ఇక్కడికే వినపడింది నాకు."

"కింద ఎమర్జెన్సీ కేసొచ్చిందండి."

"రాలేదు. నేను దిగి చూసేను. కింద కుర్చీలో వాచ్‌మన్ తప్ప పురుగు లేదు."

"మామ్మగారూ, అయిదవుతోందండి. తరవాత ఎప్పుడైనా ఫోన్లో చెప్తాను, ఒట్టు."

"అవనీ. నాకేం తొందర లేదు. కుర్చీ కూడా ఇంకా రాలేదు."

"శాంతి మెట్ల మీద కళ్ళు తిరిగి కూలబడిపోయిందండి."

"అయ్యో."

"బీపీ చూస్తే చాలా ఎక్కువుందండి. ఈ అంతస్తులోనే చివర ఖాళీ గదుంటే అందులో పడుకోబెట్టి, ఫోన్లో డాక్టరమ్మగారిని అడిగి మాత్ర వేసేను. మూడో ఆవిడకి ఆ రాత్రి సెలవండి. దాని చెయ్యి వదలబుద్ధి కాలేదండి. మీ బెల్లు వినపడుతూనే ఉంది మామ్మగారూ. వినపడుతూనే ఉంది. లేద్దామనుకుంటాను, అది నా వేళ్ళు గట్టిగా పట్టుకుంటుంది. నాకు భయమేసిందండి. అంత భయం నా కాన్పులో కూడా వెయ్యలేదు."

"ఒట్టి మనిషి కాదాయె. మీ మేనేజరుకి చెప్పలేదూ?"

"చెప్తే జాలిపడి ఇంటికి పంపేస్తారండి. కాన్పయ్యాక రమ్మంటారు. వచ్చేసరికి దాని చోట ఇంకోళ్ళుంటారు. వాళ్ళాయన ఇప్పుడిప్పుడే మస్కట్ వెళ్ళేడు, ఇంకా కుదురుకోలేదు. అది ఇల్లు నడుపుకోవాలి కదండీ."

"ఇదిగో ఫోను. నొక్కు."

"అయిదేనా అండి?"

"అయిదే. ఆ పిల్లకోసం. మీ ఆసుపత్రికి అనుకునేవు, దీనికి నేనైతే బూడిద కూడా ఇవ్వను."

"దేవుడు మిమ్మల్ని చల్లగా చూడాలండి! రెండు ముక్కలు రాయాలి కూడాను. ఉత్తి చుక్కలైతే సారు ఒప్పుకోరు. మీరు చెప్పండి, నేను రాస్తాను."

"రాయి. రాత్రి బెల్లు కొడితే కాకి కూడా రాలేదు."

"రాత్రుళ్ళు చాలా ప్రశాంతంగా ఉంటుంది."

"ఏం రాసేవు?"

"మీరన్నదేనండి. కొంచెం దిద్దేను. తరవాత?"

"మంచినీళ్ళ కోసం ఎక్కీ దిగీ నా మోకాళ్ళు పోయేయి."

"పెద్దవాళ్ళకి నడక అలవాటవుతుంది."

"ఓసి నీ అసాధ్యం కూలా! ఫ్యాను తిరగదు."

"చలి బాధ లేదు."

"నువ్వు నర్సు పనిలో ఎందుకున్నావే? స్థలాలు అమ్మితే ఈపాటికి మేడ కట్టుండేదానివి."

"ఇంకొక్కటండి. సిబ్బంది గురించి ఏదైనా."

"ముగ్గురు మనుషుల పని ఒక్కర్తి చేస్తోంది."

"సిబ్బంది చురుగ్గా ఉంటారు. అయిపోయిందండి. నొక్కేస్తున్నాను. నొక్కేను! వంద! మామ్మగారూ, వందండి!"

"మెల్లిగా. ఈయన ఉలిక్కిపడితే కుట్లు పిగుల్తాయి."

"షైనీ గారూ! షైనీ గారూ! ఎక్కడున్నారండీ? ఇప్పుడే నా ఫోన్లో కనపడింది, వంద!"

"ఆయ్, ఇక్కడున్నానండి సార్. వందోది ఈవిడదేనండి, బంగారమ్మ గారు."

"చాలా సంతోషమమ్మా. నేను మేనేజర్నండి, నాగేంద్రబాబు. మీవంటివాళ్ళ ఆదరణే మా బలం. ఇక్కడ ఏ ఇబ్బందీ లేదు కదా?"

"అబ్బే, ఏముంది బాబూ. చలి బాధ కూడా లేదు."

"చూసేరా షైనీ గారూ? లక్ష్యం సరిగ్గా పెట్టుకుంటే ఫలితం దానంతటదే వస్తుంది. నేను ట్రైనింగులో విన్నప్పుడు నమ్మలేదు సుమండీ. కింద కేకు చెప్పేను, వచ్చెయ్యండి అందరూ."

"సార్, మరి నాలుగో నర్సు?"

"ఏ నర్సమ్మా?"

"వంద తెస్తే రాత్రి డ్యూటీకి ఇంకో మనిషినిస్తానన్నారండి. అందరి ముందూ అన్నారు."

"అన్నాను. నేను కాదన్నానా? ఆ మాట ఇందాకే పెద్ద డాక్టరు గారి దగ్గర పెట్టేను కూడా. ఒక్కటే తక్కువండి, అదీ వచ్చేస్తే మనిషిని తీసుకోవాలండి అని."

"ఏమన్నారండి?"

"అన్నీ వరసపెట్టి చదివేరమ్మా. పిలిచిన వెంటనే వస్తున్నారు, కన్నతల్లిలా చూస్తున్నారు, రాత్రంతా కనిపెట్టుకునుంటున్నారు. చదువుతుంటే నాకే కళ్ళు చెమర్చేయి. ఒక్క ఫిర్యాదు లేదు. ఒక్కటి!"

"సార్, అవన్నీ..."

"అన్నీ చదివి ఆయనేమన్నారంటే, ముగ్గురితోనే జనం ఇంత సుఖంగా ఉంటే నాలుగో మనిషి దేనికయ్యా, అన్నారు. నేనేం చెప్పనూ? కొలిచి చూపించింది మనమే కదమ్మా."

"సార్, శాంతికి ఏడో నెలండి. రాత్రుళ్ళు మెట్లెక్కి దిగలేకపోతోంది. ఏదైనా అయితే..."

"తెలుసమ్మా, నాకూ బాధగానే ఉంది. కానీ బాధని ఎలా కొలుస్తాం చెప్పండి? ఇంకో మాట. ఇంత బాగా చేస్తున్నారు కాబట్టి వచ్చే నెలకి నూట యాభై పెట్టుకుందామన్నారు పెద్ద డాక్టరు గారు. మీ మీద ఆయనకి అంత నమ్మకం! రండి, కేకు కరిగిపోతుంది."

"మీరు పదండి సార్. వస్తాను."

"తొందరగా రండి మరి. ఫోటో తియ్యాలి."

"వెళ్ళేడా?"

"వెళ్ళేరండి."

"ఏడుస్తున్నావా?"

"లేదండి."

"ఏడువమ్మా, పరవాలేదు. కొలిచేవాడు కిందకి పోయేడు."

"తొంభైతొమ్మిది అబద్ధాలు నా చేత్తో నేనే రాసేను మామ్మగారూ. శాంతికి మేలు చేస్తున్నాననుకుని, ఉన్న దారీ మూసేసేను. ఆ ఫోను ఓసారి ఇస్తారా?"

"మళ్ళీనా? నూట యాభైకి అప్పుడే మొదలెట్టేవా?"

"కాదండి. రాసింది మార్చడానికి వీలుంటుంది. చుక్కలు కూడాను."

"ఎన్ని ఉంచుతావు?"

"ఒకటి. మీది మార్చేక మా చర్చి ఆడవాళ్ళందరికీ ఫోను చేసి తీయించేస్తానండి. పేషెంట్లకి కూడా ఒక్కొక్కళ్ళకీ చేస్తాను."

"పిచ్చిదానా, నీకేమైనా మతి పోయిందా? ఆ రాత్రి డ్యూటీలో ఎవరున్నారని అడుగుతారు. బెల్లుకి రానిదెవరని అడుగుతారు. ముందు నీ ఉద్యోగమే ఊడుతుంది."

"అడగాలనేనండి. అడిగితేనే మనుషులు చాలడం లేదని లెక్కలోకొస్తుంది. 'రాత్రి రెండో అంతస్తుకి ఉన్నది షైనీ ఒక్కర్తే, ఎంత బెల్లు కొట్టినా రాలేదు.' ఇదిగో, అంతవరకూ రాసేనండి. తరవాత మీరు చెప్పండి మామ్మగారూ, ఈసారి ఒక్క ముక్క దిద్దను."