బతిస్తాన్ ఓడ నిండా చేపలమ్మిన రోజు

నేనింతకు ముందు ఏదీ రాయలేదు. చదివింది అయిదో తరగతి. తప్పులుంటే సర్దుకోండి. ఫ్రాన్సులో మార్సేయి ఊరి పాత రేవులో చేపల బల్ల నాది. మా ఆయన పట్టుకొస్తాడు, నేను అమ్మాలి. పక్క బల్లల ఆడవాళ్ళు రేవు దద్దరిల్లేలా కేకలేస్తారు, నాకు నోరు పెగలదు. ఈ నెలాఖరుకి బల్ల ఎత్తేద్దామనుకున్నాం. ఆ మాట మొన్న మధ్యాహ్నం మాడో కాఫీ కొట్లో నోరు జారాను. ఓడలకి తాళ్ళు కట్టే బతిస్తాన్ సోంపు సారా గ్లాసు కింద పెట్టాడు.

"ఎత్తేస్తావా? నినెట్ చెల్లెమ్మా, ఇలా విను. మీ అత్తగారికి జ్వరమొచ్చిన ఏడు ఆ బల్ల దగ్గర ఒక్కపూట నేను నించున్నాను. ఆ రోజు పెద్ద విహార ఓడ వచ్చింది, మూడువేలమంది, ఆగేది ఆరు గంటలే. గడ్డి టోపీ పెట్టుకున్న ఒకావిడ వచ్చి ఒక చేప కొంది. ఒక్కటే. అబద్ధమెందుకు?"

"ఇంతవరకూ నమ్ముతాం," అంది కొట్టావిడ మాడో.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఒక్క కేక వేశాను. మామూలు కేకే. ఓడవాళ్ళని ఊరు చూపించడానికి కొండెక్కుతున్న బస్సులు పదకొండూ వెనక్కి తిరిగాయి, దిగినవాళ్ళు దిగినట్టే వరస కట్టారు, ఆ వరస రేవంతా చుట్టి వచ్చి నా వీపుకే తగిలింది, బల్ల మీద చేపలైపోయాయి, అయిపోతేనేం, నీళ్ళలో ఉన్నవి నా కేక విని వాటంతటవే గెంతి బుట్టలో పడ్డాయి, పొలుసు కూడా గీసుకుని మరీ!"

"గీసుకున్నాయా?" అన్నాడు కాఫీ తాగుతున్న కుర్రాడొకడు.

"సగం. మిగతా సగం నేనే గీశాను. గొప్పలు చెప్పుకోకూడదు."

"ఊఁ, కానీ బాబాయ్," అన్నాడు కుర్రాడు.

"సాయంత్రం ఓడ కూత పెట్టింది. కదిలితేగా! చేపల బరువుకి అడుగు నేలకానింది. కెప్టెన్ చెప్పుల్లేకుండా పరిగెత్తుకొచ్చి, బతిస్తాన్ గారూ మీరే దిక్కన్నాడు. తాడు పళ్ళతో పట్టి ఒక్క లాగు లాగాను. ఓడ కదిలింది, దాంతోపాటు రేవు కూడా బారెడు జరిగింది! కొండమీద చర్చి శిఖరాన ఉన్న మేరీతల్లి బొమ్మ ఏమిటా గోలని ఇటు తిరిగి చూసింది. అంతకుముందు ఆవిడ ముఖం అటుండేది."

"ఎప్పుడుంది అటు?" అన్నాడు కుర్రాడు.

"నువ్వు పుట్టకముందు."

అందరూ నవ్వుతున్నారు. నాకెలా నోరొచ్చిందో తెలీదు.

"బతిస్తాన్ అన్నయ్యా, ఓడ గదుల్లో పొయ్యిలుండవు కదా. అన్ని పచ్చి చేపలు వాళ్ళేం చేసుకున్నారు?"

బతిస్తాన్ గ్లాసు అందుకున్నాడు. "అది... అది నేనడగలేదు చెల్లెమ్మా."

మాడో బల్ల పట్టుకుని నవ్వింది. "ముప్పై ఏళ్ళలో వీడి నోరు మూయించినదానివి నువ్వేనే!"

నేను సిగ్గుతో ఇంటికొచ్చేశాను. దారంతా నా ప్రశ్నే నన్ను వదల్లేదు. ఓడ వచ్చిన రోజల్లా వాళ్ళు నా బల్ల దగ్గర నించుంటారు, చేపల్ని ఫోటో తీసుకుంటారు, ఆశగా చూసి వెళ్ళిపోతారు. నేను పిలవకపోవడం వల్లే కొనట్లేదనుకున్నాను ఇన్నాళ్ళూ. వాళ్ళకి పొయ్యి లేదు. నాకుంది.

మర్నాడు ఎనిమిదింటికి ఓడ రావాలి. నేను ఆరింటికే గ్యాసు పొయ్యీ పెద్ద గిన్నే బల్ల దగ్గరికి మోసుకెళ్ళాను. రాతిసందుల చిన్న చేపలు, సోంపు కాడలు, కాస్త కుంకుమపువ్వు వేసి చారు పెట్టాను. ఎండు రొట్టెముక్కలకి వెల్లుల్లి రుద్ది ఉంచాను. చారు మరిగాక, గాలి ఓడవాళ్ళ బస్సులు ఆగే వైపు వీస్తోందని చూసుకుని, మూత తీశాను.