రిజిస్టరులో పదహారు గంటలు

మార్కాపురంలో మోటర్ల దుకాణం నడిపే చంద్రశేఖరరావు, తర్లుపాడు రోడ్డులోని యూనివర్సిటీకి నీళ్లూ కరెంటూ ఆదా చేసి చూపిస్తానని ఒప్పుకున్ననాడు ఆయన చేతిలో ఉన్నవి మూడే: ఒక టైమరు, నాలుగు డజన్ల కుళాయి వాషర్లు, బోరు మోటరు ఆపరేటరు ఆదెయ్య పదకొండేళ్లుగా రాస్తున్న రిజిస్టరు. మూడు నెలల తర్వాత ఒక ఉదయం, మోటరు షెడ్డులో ఇద్దరూ:

“చదివినా సావుకారూ, మీరు రాసిన రిపోర్టు. రెండుసార్లు చదివినా. ఇది నేను రాసింది కాదే.”

“అంకె నువ్వు రాసిందే మామా. రోజుకు పదహారు గంటలు. పక్కన నీ సంతకం.”

“అంకె నాదే. మోటరు పదహారు గంటలు తిరిగిందని నేనెప్పుడన్నా?”

“కాలమ్ మీద ఏమని ఉంది?”

“గంటలు అని ఉంది.”

“మోటరు షెడ్డులో పెట్టిన రిజిస్టరు. గంటలంటే మరెవరివి, గోడవా?”

“నావి. పొద్దున ఐదింటికి వస్తా, రాత్రి తొమ్మిదింటికి పోతా. పదహారు. చేరిననాడు రోజుకెన్ని గంటలో రాయమన్నారు. నా గంటలే అనుకున్నా.”

“పదకొండేళ్లూ అట్లనే అనుకున్నావా?”

“ట్యాంకు నిండితే మోటరు ఆపి కూర్చునేవాణ్ని. కరెంటు పోతే వచ్చేదాకా కూర్చునేవాణ్ని. అదంతా రాయొద్దా?”

“సరే, మోటరు తిరిగింది ఎంతుంటది?”

“ఎనిమిది. ఎక్కువంటే తొమ్మిది.”

“నా టైమరు కూడా తొమ్మిదే అంటాంది.”

“అప్పుడూ తొమ్మిదే, ఇప్పుడూ తొమ్మిదే. మరి మీరు తగ్గించింది ఏంది?”

“వాషర్లు మార్చినా గదా.”

“వాషర్లు మారిస్తే ఏడు గంటలా?”

“మెల్లగా మాట్లాడు. కాయితం మీద అప్పుడు పదహారు, ఇప్పుడు తొమ్మిది. ఏడు ఆదా. బోరుకు వేరే మీటరు లేదు, క్యాంపస్ అంతటికీ ఒకటే. చలికాలమొచ్చి ఫ్యాన్లు ఆగినయి, బిల్లు దానంతటదే తగ్గింది. రిజిస్ట్రారు మేడం సంతోషంగా ఉంది. నీకేంది కష్టం?”

“ఆ మేడం నన్ను పిల్చి ఏమన్నదో తెలుసా? ఊళ్లల్లో జనం బిందె నీళ్లకు ట్యాంకరు కాడ కొట్టుకుంటుంటే, నువ్వు రోజుకు ఏడు గంటల నీళ్లు పారబోసినావనింది. చదువుకునే పిల్లలందరి ముందర. ఒక్క చుక్క పోనిచ్చినోణ్ని కాదు నేను. పోయి చెప్తా. ఆ గంటలు నావని చెప్తా.”

“పో. చెప్పు. ఆమె ఏమడుగుతుందో నేను చెప్పనా? ఆ ఏడు గంటలు ఏం చేసినావ్ అంటది.”

“కూర్చున్నా.”

“ఊరికే.”

“ఊరికే కాదు, కాపలా...”

“మోటరు ఎవరు ఎత్తుకపోతారు మామా, ఏడువందల అడుగుల లోపల ఉంటే? ఊరికే కూర్చున్నావ్. దానికి జీతం తీసుకున్నావ్. ఆ మాట ఆమెకు నువ్వే మోసుకపోయి చెప్తావా?”

“ఈ పని పోతే నాకేముంది సావుకారూ. గొర్రెలన్నీ అమ్ముకుని చేరినా. మా ఆడది అంకాలమ్మ అప్పుడే వద్దనింది. గొర్రె అయితే మేత అడుగుతది గానీ పొమ్మనదు అనింది.”

“అందుకే చెప్తున్నా, నీ పేరున రాసిన ఈ ఇంకో కాయితం చూడు. మోటరు పదహారు గంటలు తిరిగేది, పాత కుళాయిలు కారి నీళ్లు పోయేవి, ఇందులో ఆపరేటరు తప్పేమీ లేదు. ఆ ఆఖరి ముక్క నీకోసమే కలిపినా.”

“నా తప్పు లేదని ఉందా?”

“ఇదిగో, వేలు పెట్టి చదువుకో.”

“ఉంది. ఉందిలే. కానీ టైమరొచ్చినాక ఆపరేటరు ఎందుకని పిల్లలంటున్నారు.”

“పిల్లలు సవాలక్ష అంటారు.”

“మీరు మేడంతో నా గురించి ఒక్క మాట...”

“మాట్లాడతా. నీ సంగతి మాట్లాడకుండా ఇక్కడినుంచి కదుల్తానా? ఫోను ఇక్కడే చేస్తా, నువ్వు వింటుండగానే.”

“నిజంగా?”

“నీ చెవులతో నువ్వే వింటావు గదా. సంతకం పెట్టు. ఇక్కడ. కింద ఇంకోటి. తేదీ నేనేసుకుంటా.”

“పెట్టినా.”

“హలో, ఉషారాణి మేడం, నమస్కారం. ఆదెయ్య సంతకం పెట్టినాడు... లేదు మేడం, గొడవేం చేయలా. మంచోడు, ఒక్క పూట మానింది లేదు... అదే, అతని సంగతి మాట్లాడదామనే చేసినా... అవును, టైమరుకు మనిషి అక్కర్లేదు... నెలాఖరు దాకా ఎందుకు మేడం, ఈరోజుతో సరి. తాళాలు నేనే తీసుకుంటా. ఉంటా మేడం.”

“సావుకారూ.”

“తాళాలియ్యి మామా.”

“నా సంగతి మాట్లాడతానన్నారు.”

“మాట్లాడినా గదా. నువ్వుంటే ఏదో ఒకనాడు ఎవరో ఒకరితో ఆ గంటలు నావే అంటావు. ఎంతకాలమని నీ నోటికి నేను కాపలా ఉండేది?”

“నేనింక ఎవరికీ చెప్పను గదా. సంతకం పెట్టినా గదా.”

“పెట్టినావు, కాదనలా. నేనైతే ఒప్పుకున్న పని చేసి పోతున్నా. నీళ్లల్లో ఒక చుక్క తగ్గలా, కరెంటులో ఒక యూనిట్టు తగ్గలా. కాయితం మీద ఏడు గంటలు ఆదా అని రాసినా. నిన్ను పంపిస్తే మేడంకు నీ జీతం గంటలు పదహారూ మిగిలినయి.”