పక్కకి విసిరిన నాలుగు బంతులు

డెట్రాయిట్‌లో డిసెంబరు పొద్దు. కాఫీ హోటల్లో ఒకప్పుడు బేస్‌బాల్‌లో బంతులు విసిరిన ఒక ముసలి పిచర్, ఆ ఆటలో మహామహులకిచ్చే హాల్ ఆఫ్ ఫేమ్ గౌరవానికి ఎంపికలో ఓటున్న విలేకరి మిత్రుణ్ణి పట్టుకున్నాడు.

“ఈసారి నీ ఓటు ఆ బ్యాటర్ క్రౌడర్‌కే వెయ్యాలిరా.”

“వాడంటే నీకు పడదుగా!”

“ఇప్పటికీ పడదు. వేస్తావా లేదా?”

“లెక్కల్లో వాడు మామూలు బ్యాటరేరా.”

“లెక్కలెందుకు, వాడికి బంతి విసిరిన నన్నడుగు! ఆ రోజు మూడు బేసుల్లోనూ వాళ్ల మనుషులున్నా, వాడు బాదేస్తాడన్న భయంతో నాలుగు బంతులూ కావాలనే పక్కకి విసిరి, వాణ్ణి ఊరికే మొదటి బేసుకి పంపి, అందరూ ఒక్కో బేసు ముందుకి జరగడంతో ఉత్తినే ఒక పరుగిచ్చేశాను.”

“తెలుసు. పిరికిపంద అని రాసింది నేనేగా!”

“అందుకే అడిగేది! వాడు హాల్లోకెళ్తే నేను తెలివైనవాణ్ణి. లేకపోతే చచ్చేదాకా పిరికిపందనే.”

“నిన్ననే వేసేశాన్రా, ఊరికే ఏడిపించా. ఆ రోజు నీ మొహం చూసినవాణ్ణి, వాడికి కాక ఇంకెవరికి వేస్తాను?”