పలక మీది మాట

నాగాయలంక దాటాక కరకట్ట కింద మార్తమ్మ ఇల్లు. ఆమె తమ్ముడు, పాస్టరు ప్రభుదాసు అయ్యగారు పోయి నెల దాటింది. రేపు బందరు సమాధుల తోటలో ఆయన సమాధి పలకకు ముసుగు తీస్తారు. ఆయన కూతురు రెబెకా గుడివాడ నుంచి పామర్రులో ఒక బస్సు, అవనిగడ్డలో ఒక బస్సు మారి వచ్చి మేనత్త గుమ్మంలో నిలబడి ఉంది. కూర్చోమన్న పాపాన పోలేదు ముసలిది.

"...అది కాదత్తయ్యా, నేనడిగేది ఒక్క గంట. కారు పంపిస్తాను. ముసుగు తీసి వెళ్ళిపోండి. భోజనానిక్కూడా ఉండక్కర్లేదు."

"భోజనాలు కూడా పెడుతున్నారా? ఏం కూర?"

"అత్తయ్యా."

"అడిగాను, తప్పా? చేపలైతే వండకండి. ఉప్పెన తర్వాత మీ నాన్న చేప ముట్టలేదు."

"తెలుసు. ప్రభువు కోసం మానేశారు."

"ప్రభువు కోసమా. సరే."

"మీరు రానంటే రానని చెప్పండి. నిలబడి నిలబడి కాళ్ళు పీక్కుపోతున్నాయి."

"నిన్ను రమ్మందెవరు?"

"నాన్న. పోయే ముందు రోజు మరీ మరీ చెప్పారు. ముసుగు అక్క చేతే తీయించు, పలక మీది మాట అక్కే చదవాలి, అందరూ వినాలి అని. అంతకుముందు తిండి అడగలేదు, నీళ్ళడగలేదు. అదొక్కటే అడిగారు."

"చచ్చీ సాధిస్తున్నాడన్నమాట."

"మా నాన్నని అలా అనకండి."

"నీకు నాన్న. నాకు దాసుగాడు. చీమిడి తుడిచి పెంచినదాన్ని. ఇంతకీ ఏం చెక్కించారు పలక మీద?"

"ఇందాక చెప్పాను కదా."

"మళ్ళీ చెప్పు."

"'చేతిలోది వదిలెయ్, చెట్టు పట్టుకో. యెహోవా వాక్కు.' కింద నాన్న పేరు."

"ఎవరి వాక్కు?"

"యెహోవా వాక్కు. ఏంటత్తయ్యా, నాన్న సాక్ష్యం తెలియనివాళ్ళు బందరులో ఉన్నారా? మీరూ అదే చెట్టు మీద బతికారట కదా."

"బతికాను. గుడిలో వాడెలా చెప్పేవాడో నేను వినలేదు. చెప్పు."

"నన్ను నిలబెట్టి పరీక్ష పెడుతున్నారు."

"చెబితే వస్తానేమో."

"ఉప్పెన రాత్రి. నీళ్ళు మెడ దాకా వచ్చేశాయి. కుడిచేత్తో తుమ్మచెట్టు పట్టుకున్నారు, ఎడమచేతిలో ఇంట్లోంచి తెచ్చిన రేకుపెట్టె. పట్టు జారిపోతోంది. అప్పుడు చీకట్లో ఒక స్వరం వినబడింది, చేతిలోది వదిలెయ్, చెట్టు పట్టుకో అని. వదిలేశారు. బతికారు. లోకం రేకుపెట్టె, సిలువే చెట్టు అని ఆయన చెబుతుంటే మందిరంలో ఏడవని ఆడది లేదు. సండేస్కూలు పిల్లలు దాన్ని నాటకం కూడా వేస్తారు."

"పెట్టె వేషం ఎవరిది?"

"అట్టపెట్టె పెడతారు. మీరు వెక్కిరిస్తున్నారు."

"లేదే. రేకుపెట్టె అంటే ఆశ్చర్యమేసింది. తాటాకు కొంపలో పెట్టె ఎక్కడిదని. మా అమ్మ రెండు చీరలూ దండెం మీదే ఉండేవి."

"పెట్టో, మూటో. ఏదైతేనేం?"

"అంతేలే. ఏదైతేనేం? స్వరం అనేవాడా, దేవుడి స్వరం అనేవాడా?"

"స్వరం అనే అనేవారు. దేవుడిదని మేం అనుకున్నాం. ఇంకెవరిదవుతుంది?"

"వాడు అవునన్నాడా?"

"తల వంచుకునేవారు. వినయం అది, మీకు తెలియదు. మా నాన్నలాంటి భక్తుడు ఈ దివిసీమలో పుట్టలేదు. ఎవరింట్లో జబ్బు చేసినా మోకాళ్ళ మీద తెల్లవార్లూ..."

"నిన్నెప్పుడైనా ఎత్తుకున్నాడా?"

"ఏంటీ?"

"చిన్నప్పుడు. చంటిదానిగా ఉన్నప్పుడు."

"ఆయనకి పనులు, ప్రార్థన కూటాలు, పల్లెల మీద తిరగడం. అమ్మే పెంచింది."

"నీ పిల్లల్ని?"

"తల మీద చెయ్యి వేసి దీవించేవారు."

"పసిపిల్లల ప్రతిష్ఠకి ఏ అయ్యగారైనా బిడ్డని చేతుల్లోకి తీసుకుని పైకెత్తి ప్రార్థన చేస్తాడు. మీ నాన్న?"

"తల్లి చేతుల్లోనే ఉంచి చేసేవారు. ఆయన పద్ధతి అది. దానికీ వంకేనా?"

"ఎడమచెయ్యి?"

"ఎడమచెయ్యేంటి?"

"ఎలా పెట్టుకునేవాడు?"

"మడిచి... ఇలా, ఎదకి ఆనించి. అందులోనే బైబిల్ పెట్టుకునేవారు. నిద్రలో కూడా అలాగే ఉండేది. పోయాక చాపుదామంటే రాలేదు. మీకెలా తెలుసు? మీరు ఆయన్ని చూసి ఎన్నేళ్ళైంది?"

"చూడక్కర్లేదు."

"అవును, మీకు చూడక్కర్లేదు. నా పెళ్ళికి రాలేదు. అమ్మ పోతే రాలేదు. నాన్న శవాన్ని రెండ్రోజులు ఐసుపెట్టెలో ఉంచాం, మీరొస్తారని. మంచివాళ్ళ మీద మీకంత కడుపుమంటేంటి అత్తయ్యా? తమ్ముడికి పేరొచ్చిందనా? నలుగురూ వందనాలు పెడుతున్నారనా?"

"అను. ఇంకా అను."

"అంటాను. ఇంత దూరం వచ్చి మంచినీళ్ళకి కూడా నోచుకోనిదాన్ని, మాటైనా దక్కాలిగా. ఆ రోజు దేవుడు మీ ఇద్దర్నీ ఎందుకు మిగిల్చాడో నాకిప్పటికీ తెలీదు. ఒక్కర్ని ఉంచితే సరిపోయేది."

"ఆ మాట నిజమే."

"మీ కడుపున ఒక కాయ కాసుంటే తెలిసేది, కూతురికి తండ్రంటే ఏంటో. గొడ్రాలి దగ్గరికి శుభానికైనా అశుభానికైనా వెళ్ళకూడదని చుట్టుపక్కలవాళ్ళు చెప్తూనే ఉన్నారు. నేనే వినలేదు."

"అయిందా?"

"అయింది. ఇదిగో, ఇది మీకివ్వమన్నారు. ఈ క్రిస్మస్‌కి ముందే కట్టించి పెట్టుకున్నారు. పోస్టులో వద్దు, చేతికివ్వు అన్నారు. ఏటా చీర పంపడం, మీరు తిప్పి పంపడం, ఆయన దాన్ని బీరువా మీద పెట్టి ఎవర్నీ ముట్టుకోనివ్వకపోవడం. ఈసారి తిప్పి పంపినా తీసుకోడానికి ఆయన లేరు."

"చీర అని ఎవరు చెప్పారు నీకు?"

"మరి ఆడపడుచుకి ఏం పెడతారు?"

"విప్పు."

"మీది, మీరే విప్పుకోండి."

"నువ్వే విప్పు. ఆ పురికొస తెంపెయ్."

"సరే... ఇదేంటి? చిన్నపిల్ల గౌను. షాపువాడు పొట్లం మార్చేసినట్టున్నాడు."

"మార్చలేదు. కొలత చూడు. నీకు పిల్లలున్నారుగా, నీకు తెలుస్తుంది."

"ఆర్నెల్ల పిల్లకి పడుతుంది."

"ఏటా అదే కొలత. మొదటిది విప్పాను. తర్వాతవి విప్పకుండానే తిప్పి పంపాను, వేలితో నొక్కితే తెలిసేది. ఎన్ని క్రిస్మస్‌లు వెళ్ళినా జానెడు పెరగలేదు నా పిల్ల."

"మీ పిల్లా?"

"గొడ్రాలి పిల్ల."

"అత్తయ్యా... నేను... మావయ్య ఉప్పెనలో పోయాడని తెలుసు గానీ, పిల్ల ఉందని ఎవరూ..."

"ఎవరు మిగిలారు చెప్పడానికి? నేను చెప్పలేదు. వాడు చెప్పలేదు."

"అంటే నాన్న చేతిలో ఉంది..."

"పెట్టె. పెట్టె అని నేనే చెప్పాను. తెల్లారి నీళ్ళు తీశాక, ఎడమచెయ్యి అలాగే మడుచుకుని, అక్కా నేనేం వదిలేశాను అని అడిగాడు. పద్నాలుగేళ్ళ కుర్రాడు, ఒళ్ళంతా తుమ్మముళ్ళు. పెట్టెరా అన్నాను. నమ్మినట్టు తలూపాడు. ఆ తర్వాతి క్రిస్మస్‌కి, వాడు చేరిన మిషను హాస్టల్ నుంచి మొదటి గౌను వచ్చింది."

"పిల్లని నాన్నకెందుకిచ్చారు?"

"చెట్టెక్కడానికి. నేనెక్కి అందుకుంటాననుకున్నాను. ఈలోపు నీళ్ళొచ్చాయి."

"అంటే తన ప్రాణం కోసం నాన్న... చంటిదాన్ని..."

"పూర్తిగా అను. నీ నోటితోనే విందామని కూర్చున్నాను."

"నేననను. చేతిలో పిల్లని నాన్న వదిలేశారా? ఆ నాన్నేనా?"

"చెప్తే వదిలేశాడు."

"దేవుడెందుకు చెబుతాడు అలాంటి మాట? పసిపిల్లని వదిలెయ్యమని ఏ దేవుడైనా..."

"దేవుడు చెప్పలేదే. ఆ చీకట్లో ఆ చెట్టు మీద నోరున్నది ఇంకొకతే. నేను పైకొమ్మకి వేలాడుతున్నాను. చెయ్యి అందదు. వాడి పట్టు జారుతోంది, ఇంకో అల వస్తే ఇద్దరూ పోతారు. నేను కాక మా అమ్మ కడుపున మిగిలింది వాడొక్కడే. నేనే అన్నాను. రెండుసార్లు అన్నాను, మొదటిసారి గాలికి వినబడలేదని."

"అత్తయ్యా, కూర్చుంటాను. నన్ను కాస్త కూర్చోనివ్వండి."

"కూర్చో. ఆ నులకమంచం మీద కూర్చో. కారు పంపక్కర్లేదు, రేపు నేనే బస్సుకి వస్తాను. ముసుగు తీస్తాను. మాట చదువుతాను, వాడడిగినట్టే, అందరూ వినేలా. యెహోవా వాక్కు అన్నచోట చెక్కేసి మార్తమ్మ అని కొట్టించు."

"మీరే కదా వదిలెయ్యమని చెప్పారు. ఆయన తప్పేముంది? ఇన్నేళ్ళూ ఆయన మొహం ఎందుకు చూడలేదు?"

"వదిలెయ్ అన్నాను గానీ, వదిలేస్తాడనుకోలేదే."