పుష్యమాసపు చలి దాచిన గోడ

రుద్రంగిలో దామోదర్ రావు దొర కట్టుకున్న స్లాబు ఇంటి అరుగు మీద, ఎండాకాలం పొద్దుగూకే వేళకు ఎవరో ఒకరు చేరుతుంటారు. ఆ రోజు చంద్రయ్య, అతని భార్య ముత్తవ్వ వచ్చారు. లోపల దొర భార్య ఇందిరాదేవి చాయ పెడుతోంది.

ముత్తవ్వకు చాయ మీద ధ్యాస లేదు. తెల్లవారితే మేస్త్రీ ప్రభాకర్ మనుషులతో వచ్చి ఆమె మట్టిగోడల ఇంటి పెంకులు దించుతాడు. మస్కట్‌లో ఉన్న కొడుకు దివాకర్‌కు స్లాబు ఇల్లే కావాలట. చంద్రయ్య మనసు అటూ ఇటూ ఊగుతోంది. దొరను ఒక్కమాట అడిగి తేల్చుకుందామని వచ్చాడు.

"స్లాబు ఇల్లు ఉడుకుతదంటరు గద దొరా?"

దామోదర్ రావు భుజం మీది తువ్వాల సర్దుకున్నాడు. "ఉడికేది కట్టుడు తెల్వనోళ్లకు. గోడంటే ఏందనుకున్నవు చంద్రయ్యా? కుండ లెక్క. ఏది పోస్తే అది దాచుకుంటది. నేనేం చేసిన, పోయినేడు పుష్యమాసంల దర్వాజలు, కిటికీలు బార్ల తెరిచిపెట్టిన. చలంత లోపటికి అచ్చింది. గోడలు తాగినయి, బండలు తాగినయి, బియ్యం బస్తాలు, ఇనుప బీరువ, ఇత్తడి గుండిగలు, అన్ని కడుపునిండ తాగినయి. శివరాత్రికి తలుపులు బిగించిన. అంతే."

ఇందులో కొంత నిజమే. ఖాళీ ఇల్లు తొందరగా వేడెక్కి, తొందరగా చల్లారుతుంది. గోడ మందంగా, ఇల్లు నిండుగా ఉంటే రెండూ నిదానంగా జరుగుతాయి. ముత్తవ్వ ఇంటి మూరెడు మట్టిగోడను దాటి మధ్యాహ్నపు వేడి లోపలికి వచ్చేసరికి పొద్దుగూకేది, అప్పటికి మంచాలన్నీ వాకిట్లో ఉండేవి. కానీ నెలల తరబడి దాచిపెట్టే గోడను మాత్రం ఆమె ఎన్నడూ చూడలేదు.

"ఆ తర్వాత ఏమైందో ఎరుకేనా? రోహిణి కార్తెల గోడలు చలి ఇడువవట్టినయి. డబ్బల నెయ్యి గడ్డకట్టింది. మా ఇందిర సిరిసిల్లకెల్లి చద్దర్లు తెమ్మన్నది."

"రోహిణి కార్తెలనా దొరా?"

"రోహిణి కార్తెలనే. గంతేనా, గోడ మీది బల్లి వణికి వణికి కింద పడ్డది. సచ్చిందనుకొని ఎండల పడేస్తే లేచి ఉరికింది. కోరుట్ల చుట్టమొకడు అచ్చి ఒక్క రాత్రి పండుకున్నడు, సర్ది పట్టింది. జగిత్యాల డాక్టరు చూసి, ఏ ఊరయ్యా నీది, కశ్మీరా అని అడిగిండట. ఇగ మేము ఓర్వలేక కిటికీ జరంత తెరిస్తే చలి గల్లీలకు పోయింది. ఎదురింటి లీల అప్పుడే వడియాలు పెట్టుకున్నది. వారమాయె, ఎండకపాయె. నా మీదికి తగువుకచ్చింది."

చంద్రయ్య మనసు ఊగడం ఆగిపోయింది. "ఇగ ఆలోచనేంది? ప్రభాకర్‌ను పొద్దుగాల్నే రమ్మంట," అని ఫోను తీశాడు.

ముత్తవ్వ చూపు దొర కూర్చున్న చాప మీద పడింది. ఇందిరాదేవి దాన్ని అరుగు అంచున, గోడకు బారెడు దూరాన పరిచింది. మధ్యాహ్నం నుంచి పడమటి ఎండ తిన్న గోడ అది. అరవై దాటిన మనిషి, వెనక గోడ పెట్టుకొని, ఇంతసేపూ ఒరగకుండా కూర్చున్నాడు.

"దొరా, నడుము నొస్తలేదా? జర ఎనుకకు జరిగి ఒరుగుండ్రి. చల్లగుంటది గద."

"నాకేం నొస్తలేదు."

"ఒక్కసారి ఒరుగుండ్రి. చూసి మేం గూడ గట్లనే కట్టుకుంటం."

చంద్రయ్య వేలు ఫోను మీద ఆగింది. మాట పోవడం కంటే వీపు పోవడమే నయమనిపించిందేమో, దామోదర్ రావు జరిగి గోడకు ఒరిగాడు. నవ్వుతూనే ఉన్నాడు. ఆ నవ్వు మీదుగా ఒక చెమట చుక్క జారింది, దాని వెనక ఇంకొకటి.

"చల్లగున్నదా దొరా?" అన్నాడు చంద్రయ్య.

"ఉన్నది."

చాయ పట్టుకొచ్చిన ఇందిరాదేవి గడపలోనే ఆగింది. "లేవుండ్రి. నిన్నటి లెక్క మళ్ల వీపుకు వెన్న రాయుమంటే నేను రాయ."

దామోదర్ రావు నిమ్మళంగా ముందుకు జరిగి మెడ తుడుచుకున్నాడు. "ఈ ఏడు పద్ధతి మార్చిన చంద్రయ్యా. చలికాలానికి వేడి నింపుతున్న."

"మంచిది దొరా," అని ముత్తవ్వ చాయ గ్లాసు అందుకుంది. "గట్లయితే చలికాలం అచ్చి చూసిపోతం. అందాక మా పెంకులు ముట్టద్దని ప్రభాకర్‌కు చెప్తం."

చంద్రయ్య అప్పటికే ఫోను చెవికి పెట్టుకున్నాడు.