ముందు చేప

ఉప్పలగుప్తం దిగువన, మడ అడవిలో ఉప్పుపాయ. పడవలో ముగ్గురు: వల లాగడానికి వచ్చిన పైడమ్మ, అడవి లెక్కలకి వచ్చిన తులసి, పిలవకుండా ఎక్కిన రొయ్యల చెరువుల కొండబాబు.

"ఎన్నిసార్లు అడుగుతారండి మేడమ్ గారూ? లేదంటే లేదు. ఆ చేపలు తినే బావురు పిల్లీ లేదు, దాని తోకా లేదు."

"మిమ్మల్ని కాదు కొండబాబు గారూ. పైడమ్మ గారిని."

"ఆవిడా అదే చెబుతుంది. చెప్పవే!"

"లేదండి. ఆయన చెప్పేరు కదండి."

"ఆయన చెప్పింది కాదు, మీరు చూసింది చెప్పండి."

"నేనేం చూస్తానండి. నా వల నేను చూసుకుంటాను."

"ఆ ఫోను అలా పైకి పెట్టేరేంటి, తులసి గారూ?"

"మాటలు రికార్డవుతున్నాయండి. ఎక్కేటప్పుడే చెప్పేను."

"అవనివ్వండి! కొండబాబు మాట మార్చే రకం కాదు. దేశంలో ఇంక అడవులే లేనట్టు, ఈ నాలుగు మడ చెట్ల మీద పడ్డారేంటండి?"

"దేశమంతా లెక్కేస్తున్నారు. ఏ జిల్లాలో కాపాడే చోట్లు ఎన్ని, ఏది ఏ తరగతి అని. ఈ మడకీ మూడింట్లో ఏదో ఒకటి రాయాలి. బావురు ఉందంటే అభయారణ్యం. లేదంటే బంజరు."

"బంజరే. రాసేసి బస్సెక్కేయండి."

"బంజరంటే మీ చెరువు గట్టు ఇటు జరుగుతుంది. అంతేగా?"

"జరిగితే మీ సొమ్మేం పోయింది?"

"అభయారణ్యమైతే నా వల సంగతేంటండి?"

"లోపలికి రానివ్వరు, పైడమ్మ గారూ."

"పీతలకి కూడానా?"

"దేనికీ రానివ్వరు."

"విన్నావా? అందుకే పొద్దున్నే ఇంటికొచ్చి మరీ చెప్పేను. ఉందని నోరు జారేవో, నీ పొయ్యిలోంచి పిల్లి లేవదు!"

"బంజరైతే మాత్రం లేస్తుందాండి? పాయ పూడ్చి చెరువు తవ్వుతారు కదా మీరు."

"చెరువు మీద పనిస్తానన్నానుగా!"

"మీ పని మీ దగ్గరే ఉంచుకోండి. మేడమ్ గారూ, మూడన్నారు. రెండే చెప్పేరు."

"మూడోది ఊరి రక్షణ. ఊళ్ళోవాళ్ళే ఆ జంతువుని కాపాడుకుంటూ వస్తుంటే, చోటు వాళ్ళ చేతికే వదిలేస్తారు. వల మానక్కర్లేదు. చెరువు మాత్రం తవ్వకూడదు. కానీ ఊరంతా కాపాడుతోందని రుజువుండాలి. మీరు పిల్లే లేదంటున్నారు."

"ఇలాంటి తియ్యటి మాటలు చాలా విన్నామండి. గ్యాసు గొట్టాలు వేయడానికొచ్చినోళ్ళూ ఇలాగే చెప్పేరు. ఇవాళ వలేసుకోమంటారు, రేపు కర్ర పట్టుకుని తరుముతారు."

"నేను అలాంటిదాన్ని కాదు."

"వాళ్ళూ అదే అన్నారు. జరగండి, వల లాగాలి. కొండబాబు గారూ, ఊరికే కూర్చోకపోతే ఆ తాడు పట్టొచ్చు కదా."

"నేనా? తాడు పట్టడమా?"

"అయితే కాళ్ళు తీయండి. ఆఁ... వచ్చింది, వచ్చింది..."

"అదేంటి పైడమ్మ గారూ, చేపని ఒడ్డు మీదకి విసిరేరు?"

"ఏదండి?"

"అదిగో, బురదలో కొట్టుకుంటోంది. వల్లోంచి తీసిన మొదటి చేప."

"జారిందండి."

"అంత దూరమా?"

"అలవాటండి... కుక్కకి."

"ఈ మడలో కుక్కా?"

"కాకికి. ఎవరికైతే మీకెందుకండి, నా చేప నా ఇష్టం!"

"నీ అలవాటు తగలెయ్య! చిలక్కి చెప్పినట్టు చెప్పేనే పొద్దున్న! ఈ మేడమ్ ముందే దానికి మేత వేస్తావా?"

"కొండబాబు గారూ, ఎవరికి మేత?"

"ఇంకెవరికండి, ఆ ముదనష్టపు బావురుకి! వీళ్ళు మేపుతారు, అదొచ్చి నా చెరువుల మీద పడుతుంది! బోను పెడితే బోను విరగ్గొట్టేరు. మందు పెడదామంటే దీని మొగుడు అప్పన్న కత్తి పట్టుకుని గట్టు మీద కూర్చున్నాడు!"

"అప్పన్న ఒక్కడేనా?"

"ఒక్కడేంటండి, ఊరు ఊరంతా! తాతల నాటి నుంచీ ఇంతే! వలేసినవాడల్లా ముందు చేప దానికే! గంగమ్మ పిల్లి అంట! దాని ఒంటి మీద చెయ్యి పడితే నన్ను ఊళ్ళో ఉండనివ్వరంట!"

"అంటే ఊరంతా కాపాడుతోందన్నమాట."

"ఏంటి, ఇద్దరూ అలా చూస్తున్నారు? ఆ ఫోను... ఏయ్, ఆ ఫోను ఇటివ్వండి!"

"ఇవ్వకండి మేడమ్ గారూ, రాసుకోండి. కొండబాబు గారు మాట మార్చే రకం కాదండి, ఆయ్."