గంజి చూసి దించిన అన్నం

అమీర్‌పేట హాస్టళ్ల గల్లీ చివర, మెస్సు వంటింట్లో పన్నెండు దాటింది. అనిత రెండో బగోన మూత తీసి, చూడలేక మొహం తిప్పుకుంది. పీట మీద కూర్చున్న అత్త కాంతవ్వ అసలు అటువైపే చూడలేదు.

"ఛీ! ఛీ ఛీ ఛీ! ఏంది అత్తమ్మా ఇది?"

"అన్నం."

"అన్నమా? దీన్ని ఎవలన్న అన్నమంటరా? గా కోచింగ్ సెంటరోళ్లకిస్తే గోడలకు పోస్టర్లు అంటివెట్టుకుంటరు. జూడు, గంటె ఇడిసిపెట్టిన, పడ్తలేదు! నిలవడ్డది!"

"ఆకలైనోడు తింటడు."

"తినలే! ఇందాక మొదటి బగోనల నుంచి పెడితె ఒక పోరడు ఏమన్నడో ఎర్కనా? 'అక్కా, నాకు జ్వరం లేదు' అన్నడు. ప్లేటు నూకి లేచిపోయిండు. సిగ్గుతోని సచ్చిపోయిన."

"అనితా! ఏమైంది మళ్ల? కౌంటర్ ఇడిసి రావాల్నా నేను?"

"రావయ్యా భానుచందర్ సాబూ, రా! వచ్చి నీ కండ్లతోని జూడు. మీ అమ్మ రెండో బగోన సుత సంకటి జేసింది."

"అమ్మా! ఒంటిగంటకు విజయేందర్ సార్ వస్తుండు! పంజగుట్టల మూడు హాస్టళ్లు ఆయనయే. అన్నం చేతి ఏళ్ల నడుమ వత్తి జూస్తడట. అంటితె లేచిపోతడట, కూర సుత ముట్టడట."

"రానియ్యి."

"రానియ్యి కాదే! గా హాస్టళ్లకు అన్నం పంపే ఆర్డర్ రాకుంటే మెస్సు బందు. నేను మళ్ల బోరబండ పోయి కుట్టు మిషన్ మీద కూసోవాలె. ఇగ నీ ఇష్టం."

"నాకేమెర్క కొడుకా. బియ్యమే గట్లున్నయేమో. కొత్త బియ్యం..."

"కొత్తయి కావు! ఏడాది పాతయి, బస్తా నేనే ఇప్పిన. అత్తమ్మా, జర నా దిక్కు జూడు. బియ్యం కడిగినవా?"

"కడిగిన."

"నీళ్లు తేటగ వచ్చేదాంక?"

"తేటగనే... వచ్చినయి."

"అర్ధగంట నానినయా?"

"నానినయి."

"ఉడికేటప్పుడు గంటె పెట్టి కలిపినవా?"

"ఒక్కసారి."

"ఒక్కసారేనా?"

"జర. అడుగంటుతదని."

"ఎన్నిసార్లు చెప్పాలె! కలిపితె మెతుకు ఇరుగుతది, ఇరిగితె ముద్దయితది. సరే. ఎప్పుడు దించినవ్?"

"అయినప్పుడు."

"అయిందని ఎట్ల తెలిసింది? మెతుకు వత్తి జూసినవా?"

"మెతుకెందుకు? గంజిని జూస్తె తెల్వదా?"

"గంజిని జూస్తవా? గంజిల ఏం జూస్తవు?"

"ఏళ్లకు అంటాలె. తీగ సాగాలె. గప్పుడు దించాలె."

"అయ్యో దేవుడా! గంజి తీగ సాగేదాంక ఉడికితె మెతుకు బతుకుతదా? గిదెక్కడి వంట?"

"అనితా, ముందు గీ వాసనేందో జూడు. ఎలుక గిట్ల సచ్చిందా ఈడ?"

"నాకు సుత పొద్దటి నుంచి వాసనొస్తుంది. గా మూలకే, గోనెసంచి కింద... అత్తమ్మా, ఈ బకీటేంది?"

"ఏం లేదు. ముట్టకు."

"ఏం లేకుంటె మూతెందుకు... యాక్! గంజి! జూడయ్యా, గంజి దాసిపెట్టింది! నురుగు గట్టింది, మీద బూజు వట్టింది. థూ! ఎన్ని దినాలది అత్తమ్మా?"

"మూడు."

"మూడు దినాలా! వండే కాడ పులిసిన గంజా? విజయేందర్ సార్ ముక్కుకు తగిలితె గడప సుత తొక్కడు! ఎందుకు పారవొయ్యలే?"

"చెయ్యి రాలేదు బిడ్డా. మస్తు చిక్కగున్నది."

"చిక్కగుంటె? తాగుతవా?"

"ఛీ! నేనెందుకు తాగుత!"

"మరి?"

"ముందు మూత పెట్టు."

"అమ్మా, అడుగుతుంటె చెప్పవేందే?"

"పనికొచ్చేదాన్ని పారవొయ్యరు. గంతే. నన్ను పరేశాన్ జెయ్యకున్రి."

"ఇయ్యాల్టికి బయట పెడ్తున్న, తర్వాత జూస్త దీని సంగతి. ముప్పావుగంటనే ఉన్నది. నానవోసిన బియ్యం ఇంక ఉన్నయి, ఎసరు మసులుతుంది. మూడో బగోన నేను పెడ్త. అత్తమ్మా, నువ్వు పీట మీదికెళ్లి లేవకు."

"నేనేం జేస్త..."

"లేవకు! కూసొని జూడు. బియ్యం వోసి పది నిమిషాలాయె, గంటె ముట్టలే. మంట తగ్గించలే. ఇగో, ఇప్పుడు ఒక్క మెతుకు తీసి వత్తాలె. నడుమ సూది మొనంత పలుకున్నది, కనవడ్డదా? గిప్పుడే వంపాలె. గా పలుకు ఆవిరికే మగ్గుతది."

"గిప్పుడా? గంజి నీళ్ల లెక్కున్నది! ఆగు, ఇంకో పది నిమిషాలు..."

"చెయ్యి తియ్యి అత్తమ్మా, కాలుతది!"

"ఖరాబ్ జేస్తున్నవ్! గా పల్చటి గంజి దేనికొస్తది?"

"మోరీల పారవొయ్యనీకొస్తది! నీకు అన్నం కావాల్నా, గంజి కావాల్నా?"

"గంజి!"

"...ఏమన్నవ్?"

"ఏమనలే. వంపు. నీ ఇష్టం."

"వంపిన. మూత కింద బట్ట ఏస్తున్న, ఆవిరి నీళ్లు మళ్ల అన్నంల కారొద్దు. పది నిమిషాలు ఎవ్వలు ముట్టొద్దు. ఇగ చెప్పు అత్తమ్మా. గంజెందుకు?"

"చెప్పుడెందుకు ఇప్పుడు, సార్ వచ్చే యాళ్ల."

"మా బాపు నేసే మగ్గానికి అనితా. అమ్మ చెప్పదు."

"నువ్వు ఊకో కొడుకా, నాకు నోరు లేదా? మా ఇంట్ల బియ్యం పొయ్యెక్కిందే నూలు కోసం బిడ్డా. గంజి పెట్టకుంటె పోగు తెగుతది. పల్చగుంటె సుత తెగుతది. తెగితె నీ మామ బగోన ఎత్తి వాకిట్లకు ఇసిరేసెటోడు. నలభై ఏండ్లు గంజి జూసే దించిన."

"మరి అన్నం?"

"గంజి వంపినంక అడుగున పిసపిస మిగులుతది గద. గదే."

"నేను సుత గదే తిన్న అనితా. డిగ్రీకి ఈడికి వచ్చేదాంక అన్నమంటె గట్లనే ఉంటదనుకున్న."

"మగ్గం అమ్మి పదేండ్లాయె గద అత్తమ్మా!"

"మగ్గం అమ్మిన్రు. ఈ చేతి ఏళ్లకెవలు జెప్పిన్రు?"

"అనితా! బండి ఆగింది, సారే! ప్లేటు, ప్లేటు!"

"ఇగో. పక్కలకెళ్లి పైపైన తీసిన. అదమకు, గట్లనే తీస్కపో."

"పోయిండా? ఏమంటుండు బిడ్డా సార్?"

"ఏమంటలేడు. వత్తుతుండు."

"అంటిందా?"

"మళ్ల వత్తుతుండు. ఏళ్లు జూసుకుంటుండు... అంటలే! తింటుండు అత్తమ్మా, తింటుండు!"

"అనితా, ఇంకింత పెట్టుమంటుండు! సోమారం నుంచి మూడు హాస్టళ్లకు పంపుమన్నడు!"

"హమ్మయ్య! అత్తమ్మా, నువ్వు సుత తిను."

"గా రెండో బగోనల ఉన్నది గద. గది తింట. పారేస్తమా?"

"గదొద్దు! ఇది తిను. నోరు తెరువు."

"ఆగు, నమలనియ్యి."

"ఏమైంది? పలుకున్నదా?"

"లేదు."

"కూర ఎయ్యనా?"

"ఎయ్యకు. వట్టిదే పెట్టు ఇంకింత."

"పెడ్త. మరి గా బకీట్? దాసుకుంటవా ఇంక?"

"పారవొయ్యి. జల్ది పారవొయ్యి. పుట్టినప్పటి సంది గా వాసనంటె నాకు రోతనే బిడ్డా. నన్నెవలడిగిన్రు?"